నడిచేవాళ్ళ వాటా

8 అక్టోబర్ 2025, బుధవారం

నిన్న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం గురించి పొద్దున పేపర్లో చదివాను. 2023లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,72,890 మంది చనిపోతే, అందులో 35,221 మంది నడిచి వెళ్తున్నవాళ్ళు. పోయిన ప్రతి ఐదుగురిలో ఒకరు ఏ బండీ ఎక్కనివారన్నమాట. పది లక్షల జనాభా దాటిన 50 నగరాల్లో ఫుట్‌పాత్‌లనూ రోడ్డు దాటే చోట్లనూ తనిఖీ చెయ్యాలనీ, గడిచిన రెండు మూడేళ్ళలో పాదచారులు చనిపోయిన, గాయపడిన చోట్ల నుంచి ఆ పని మొదలుపెట్టాలనీ జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ విశ్వనాథన్ చెప్పారు. ఈ కేసు వేసింది కోయంబత్తూరు ఎముకల డాక్టరు ఎస్. రాజశేఖరన్, 2012లో. విరిగిన ఎముకలు అతికించీ అతికించీ, అసలు విరక్కుండా చూడండని కోర్టుకెళ్ళిన మనిషి. ఆయనంటే నాకు చాలా గౌరవం.

మా కాలనీ సంఘం నోటీసు కూడా ఇవాళే లిఫ్టు పక్కన అంటించారు. ఆదివారం పదకొండింటికి కమ్యూనిటీ హాల్లో మెయిన్ రోడ్డు ఫుట్‌పాత్ మీద చర్చ. కార్పొరేటర్ గారు, ఏఈ గారు, ట్రాఫిక్ ఎస్సై గారు వస్తారట.

10 అక్టోబర్

సమావేశంలో ఊరికే ఆవేశపడితే లాభం లేదని, కొలత టేపు పట్టుకుని కాలనీ కమాను నుంచి బస్టాపు దాకా వెళ్ళాను. కూకట్‌పల్లి దాటాక జాతీయ రహదారి నుంచి లోపలికి చీలే రోడ్డు మాది. మేం వచ్చిన కొత్తలో సాయంత్రం ఏడు దాటితే ఆటో కోసం ఎదురు చూడాల్సిందే. ఇప్పుడు కాలేజీ బస్సులు, నీళ్ళ ట్యాంకర్లు, రెడీమిక్స్ లారీలు తెల్లారకముందు మొదలై అర్ధరాత్రి దాకా ఆగవు.

ఫుట్‌పాత్ దిగకుండా బస్టాపు చేరాలన్నది నా పట్టుదల. కుదరలేదు. కమాను పక్కన గట్టు ఎక్కడానికే చెయ్యి ఊతం కావాలి. కొలిస్తే పదమూడు అంగుళాలు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం ఆ ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే ఆరంగుళాలు దాటకూడదు. కార్లు ఎక్కకుండా ఉండాలని పెంచారట. కార్లు ఎక్కని మాట నిజమే, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళూ ఎక్కడం లేదు.

ఎక్కాక పది అడుగులు నడిచానో లేదో మందుల షాపు ర్యాంపు అడ్డొచ్చింది. దిగాను. మళ్ళీ ఎక్కాను. తర్వాత ట్రాన్స్‌ఫార్మరు, దాని చుట్టూ ఇనుప జాలీ. గోడకీ జాలీకీ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి దూరేంత సందు, అందులో కొబ్బరిబొండాల పీచు. దిగాను. ఆ తర్వాత పక్క వీధి మొదట్లో డ్రైను పలక ఒకటి విరిగిపోయి ఉంటే, ఎవరో పుణ్యాత్ములు అందులో వేపకొమ్మ గుచ్చారు, పడిపోకుండా చూసుకోమని. ఆ కొమ్మ ఎండిపోయింది, ఆకులు రాలిపోయాయి. కొమ్మకి ఎవరో ఎర్ర గుడ్డ కట్టారు. అంటే మొదట కొమ్మ గుచ్చినవాళ్ళు ఒకరు, ఆకులు రాలాక ఇక కనపడదని గుడ్డ కట్టినవాళ్ళు ఇంకొకరు. పలక మార్చే అధికారం ఇద్దరికీ లేదు. అయినా ముక్కూమొహం తెలియని మనిషి కాలు విరక్కూడదని వాళ్ళు చెయ్యగలిగింది చేశారు. అక్కడ చాలాసేపు నిలబడిపోయాను.

ఇంకాస్త ముందుకెళ్తే పసుప్పచ్చ గీతల పలకలు, చూపు లేనివారికి దారి చెప్పేవి. వరుసగా ఓ నలభై అడుగులు ఉన్నాయి. ఆ వరుస తిన్నగా వెళ్ళి కరెంటు స్తంభానికి ఆనుకుంది.

దారి పొడుగునా దేనివల్ల కిందికి దిగాల్సి వచ్చిందో రాసుకున్నాను. మిర్చిబజ్జీల బండి, అరటిపళ్ళ బండి, ఇస్త్రీ బండి, చెప్పులు కుట్టే పెద్దాయన గొడుగు, ఈ నాలుగూ కలిపి ఆక్రమించింది ముప్ఫై అడుగులు దాటదు. ర్యాంపులు, వాటి మీద నిలిపిన కార్లు, షాపుల ముందు వరుస కట్టిన స్కూటర్లు కలిపితే నాలుగు వందల అడుగుల పైమాటే. ఆ ర్యాంపుల్లో మా అపార్టుమెంటుది అన్నింటికన్నా పొడుగు. నున్నటి గ్రానైట్ వేసి రోడ్డు తారు దాకా దించారు.

12 అక్టోబర్, ఆదివారం

హాలు నిండింది. కార్పొరేటర్ గారు ఓపికమంతులు, అందరినీ మాట్లాడనిచ్చారు.

ముందు లేచింది బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైన పెద్దాయన. “బండ్లన్నీ తీయించండి సార్, సగం సమస్య తీరుతుంది. తర్వాత రెయిలింగు వేయించండి.” చప్పట్లు మోగాయి. స్వీటు షాపాయన లేచి, “రెయిలింగు వేస్తే బండి ఎక్కడ ఆపాలి? ఆపే చోటు లేకపోతే గిరాకీ పక్క షాపుకి పోతుంది. నేను మూసుకోవాలి” అన్నారు. ఆయన భయం అబద్ధం కాదు, ఆ షాపుకి నెలనెలా కట్టే అద్దె నాకు తెలుసు. ఎస్సై గారు, ఫుట్‌పాత్ వెడల్పు పెంచితే రోడ్డు ఇరుకై కాలేజీ బస్సుల టైములో జామ్ అవుతుందన్నారు. సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు సైకిల్ ట్రాక్ కూడా అడిగాడు. దాన్నెవరూ పట్టించుకోలేదు.

ఏఈ గారు వయసులో చిన్నవారు. ఫైలు తెచ్చుకున్నారు. “రోడ్డు వైడెనింగ్ ప్రపోజల్ ఉంది. ఇప్పుడు వేస్తే రేపు తవ్వాలి. ఫుట్‌పాత్ కింద డ్రైను ఉంది, పలకలు ఎత్తకుండా పూడిక తియ్యలేం. ట్రాన్స్‌ఫార్మరు జరపాలంటే కరెంటోళ్ళు ఎస్టిమేట్ ఇవ్వాలి, ఆ డబ్బు ఎవరో కట్టాలి” అన్నారు. చెప్పిన ప్రతి మాటా వాస్తవమే. అన్నీ విన్నాక మాత్రం ఫుట్‌పాత్ వెయ్యడం ఈ లోకంలో ఎవరి తరమూ కాదేమో అనిపించింది.

వెనక బెంచీలో బజ్జీల బండి ఆమె కూర్చుని ఉంది. ఎవరూ పిలవలేదు, సంగతి తెలిసి వచ్చింది. కార్పొరేటర్ గారే ఆమెని చూసి, “నువ్వు కూడా చెప్పమ్మా” అన్నారు. “ఇరవై ఏండ్ల సంది ఈడనే ఉన్న సార్. మీ పిల్లలు నా బజ్జీలు తిని పెద్దగయిండ్రు. జరగమంటె జరుగుత. యాడికి జరగాల్నో చూపెట్టుండ్రి” అంది. హాలంతా ఒక్క నిమిషం నోరు మెదపలేదు. తర్వాత ఎవరో మైకు అడిగారు.

నా వంతు వచ్చినప్పుడు కొలతల కాగితం చదివాను. ముప్ఫై అడుగులు అన్నప్పుడు తలలు ఊపారు. నాలుగు వందల అడుగులు అన్నప్పుడు ఇబ్బందిగా కదిలారు. “ర్యాంపు లేకపోతే కారు ఇంట్లోకి ఎగిరి వస్తుందా అండీ?” అని మా పై అంతస్తు ఆయన అడిగారు. ర్యాంపు మన గేటు లోపల మొదలై లోపలే ముగియాలి, నడిచే పట్టీ ఎత్తు తగ్గకుండా గేటు ముందు నుంచి అలాగే సాగిపోవాలి, ప్రమాణాల్లో ఉన్నది అదే అన్నాను. నాకు మద్దతుగా ఒక్కరు మాట్లాడారు. చూపు లేని బ్యాంకు ఉద్యోగి, మా వెనక బ్లాకులో ఉంటారు. “నాకు వెడల్పు అక్కర్లేదు మేడమ్. మధ్యలో తెగకుండా ఉంటే చాలు” అన్నారు.

ఇన్నాళ్ళుగా నేను చెప్పాలనుకుంటున్న మాట ఆయన ఒక్క ముక్కలో చెప్పేశారు. నడిచేదారి చేదతాడు లాంటిది. ఎంత పొడుగు వేసినా నడుమ ఒక్కచోట తెగిందంటే బావిలోంచి నీళ్ళు రావు.

13 అక్టోబర్

రాత్రి నిద్ర పట్టక 1985 నాటి ఓల్గా టెల్లిస్ తీర్పు గురించి మళ్ళీ చదివాను. బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్ళని ఖాళీ చేయించే కేసు. ఫుట్‌పాత్ జనం నడవడానికి ఉన్నది, దాన్ని ఆక్రమించుకునే హక్కు ఎవరికీ లేదని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అదే నోటితో, బతుకుతెరువు లేకుండా బతుకు లేదు కాబట్టి జీవించే హక్కులో జీవనోపాధి కూడా భాగమే అంది. ఖాళీ చేయించడానికి వానాకాలం వెళ్ళేదాకా ఆగమంది. ఈ ఏడాది మే 14న జస్టిస్ ఓకా, జస్టిస్ భూయాన్ ఇచ్చిన ఆదేశంలో, అడ్డంకులు లేని, వికలాంగులకు కూడా పనికొచ్చే ఫుట్‌పాత్ ఉండటం పౌరుల హక్కు అన్నారు. దానికి ఆధారం కూడా రాజ్యాంగం 21వ అధికరణమే.

అప్పుడు ఫుట్‌పాత్ మీద బతికేవారికి అండగా నిలిచిన అధికరణమే ఇప్పుడు నడిచేవారికీ అండ. మనం వాళ్ళిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి పంచాయితీ పెడుతున్నాం. నిలిపి ఉంచిన కారుకి ఏ అధికరణమూ లేదు. నిన్నటి సమావేశంలో ఆ కారుని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. సర్వే పూర్తిచేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా బండ్లని తీయించడానికి వీల్లేదు, వేరే చోటికి పంపాలన్నా ముప్ఫై రోజుల నోటీసు ఇవ్వాలి. టౌన్ వెండింగ్ కమిటీలో నలభై శాతానికి తగ్గకుండా వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. బజ్జీల ఆమె అడిగిన ప్రశ్నకి జవాబు పదకొండేళ్ళుగా చట్టంలోనే ఉంది.

16 అక్టోబర్

మా ఇంట్లో పనిచేసే అమ్మాయిని సమావేశానికి ఎందుకు రాలేదని అడిగాను. “ఆదివారం పదకొండింటికంటె మూడో ఇంట్ల అంట్లు తోముతుంట అమ్మా” అంది. ఆమె రోజూ చెరువు అవతలి బస్తీ నుంచి నడిచి వస్తుంది, మళ్ళీ నడిచి పోతుంది. ఈ రోడ్డు మీద ఆమె నడిచినంత కాలనీ సంఘంలో ఎవరూ నడవరు. వాచ్‌మన్లు, పాలు వేసే కుర్రాళ్ళు, నర్సులు, ట్యూషన్ పిల్లలు, షేర్ ఆటో దిగి మిగతా దూరం కాళ్ళీడ్చేవాళ్ళు, వీళ్ళలో ఒక్కరూ ఆ హాల్లో లేరు. మేం చర్చించింది వాళ్ళ రోడ్డు గురించి.

ఫుట్‌పాత్ ఎలా ఉంటే బాగుంటుందని అడిగితే ఆమె చీపురు ఆపి ఆలోచించింది. “పొద్దుమూకినంక లైటుండాలె. ఆ వైను షాపు ముంగట మనుషులు నిలవడకుండ చెయ్యాలె. అంతకంటె ఏముందమ్మా.” నేను గట్టు ఎత్తూ వెడల్పూ కొలుచుకుంటూ తిరిగాను. ఆమెకి కావలసిన మొదటి రెండూ నా కాగితంలో లేవు, రాసుకున్నాను.

21 అక్టోబర్

దీపావళి మర్నాడు. ఫుట్‌పాత్ నిండా టపాసుల కాగితం. టపాసుల కోసం వేసిన రేకుల కొట్టు ఇంకా విప్పలేదు. ఊడ్చే ఆవిడ రోడ్డు అంచున, బస్సులకి వీపు పెట్టి ఊడుస్తోంది.

29 అక్టోబర్

మొంథా తుపాను కోస్తా దాటి ఇటు తిరిగింది. పొద్దుట్నుంచి ముసురు. డ్రైను నీళ్ళు పలకల సందుల్లోంచి పైకి తన్ని, ఫుట్‌పాత్, రోడ్డు, గుంట అన్నీ ఒకే మట్టిరంగులోకి వచ్చేశాయి. వేపకొమ్మ ఉన్న చోట కొమ్మ లేదు. కొట్టుకుపోయినట్టుంది. మందుల షాపు కుర్రాడు ప్లాస్టిక్ స్టూలు తెచ్చి ఆ గుంత మీద బోర్లించి, దాని మీద ఇటుక పెట్టాడు. ఏఈ గారికి ఫొటో పంపాను. అరగంటలో మనిషిని పంపి చుట్టూ టేపు కట్టించారు. చెయ్యాలనుకున్న పని ఎంత తొందరగా అవుతుందో అప్పుడు తెలిసింది.

సాయంత్రం మా గ్రానైట్ ర్యాంపు మీద కొరియర్ కుర్రాడు జారి పడ్డాడు. మోచెయ్యి గీరుకుంది. పసుపు పెట్టబోతే, “ఏం కాలేదు ఆంటీ, ఇంకా పన్నెండు పార్సిళ్ళున్నాయి” అని వెళ్ళిపోయాడు.

9 నవంబర్, చెన్నై

చెల్లెలి కూతురి గృహప్రవేశానికి వచ్చి, మధ్యాహ్నం ఖాళీ దొరికితే పాండీబజారు వెళ్ళాను. ఒకప్పుడు మన సినిమావాళ్ళంతా మసిలిన వీధి. టి.నగర్ అన్న పేరు పిట్టి త్యాగరాయ శెట్టి గారిది. బజారు మొదట్లోని పార్కు 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానిగా ఉన్న పానగల్ రాజా పేరు మీద ఉంది. పెళ్ళయిన కొత్తలో ఇక్కడ చీరలు కొనడానికి వస్తే, భుజాలు ఒరుసుకుంటూ, ఆటో హారన్లకి ఉలిక్కిపడుతూ నడిచిన జ్ఞాపకం.

చెన్నై కార్పొరేషన్ 2014లోనే మోటారు లేని ప్రయాణాల కోసం విధానం తెచ్చింది. రవాణాకి పెట్టే డబ్బులో 60 శాతం నడకకీ సైకిలుకీ పెట్టాలన్న లక్ష్యం అందులో రాసుకుంది. మన దేశంలో ఏ నగరమూ అంతకుముందు అలా రాసుకోలేదు. పాండీబజారు నడకదారి 2019 నవంబరులో తెరిచారు. రోడ్డు మీద కార్లకి వదిలిన చోటు తగ్గించి ఆ చోటంతా రెండు పక్కలా నడిచేవాళ్ళకి ఇచ్చారు. మొదట్లో వ్యాపారులు భయపడ్డారు, సరిగ్గా మా స్వీటు షాపాయన లాగే. కార్ల కోసం దగ్గర్లోనే అంతస్తుల పార్కింగ్ కట్టారు. వీధి వ్యాపారులని అంతకుముందే, 2013లో, ప్రత్యేకంగా కట్టిన భవనంలోకి మార్చారు. మేడ మీదికి ఎక్కి కొనేవాళ్ళు తక్కువని అప్పట్లో వాళ్ళు గోలపెట్టిన సంగతి మా చెల్లెలు చెప్పింది. ఆ బాధ నాకు అర్థమైంది. దారిన పోయేవాళ్ళకి కంటపడితేనే ఆ బేరం. అందుకే మా బజ్జీల ఆమెని ఏ మేడ మీదికీ పంపకూడదని అక్కడే గట్టిగా అనుకున్నాను. నడిచే పట్టీకి రోడ్డు వైపు, చెట్లూ స్తంభాలూ ఉండే వరుస ఒకటి ఉంటుంది. బండి అందులోనే ఉండాలి.

ఒక బెంచీ మీద ఇద్దరు ముసలివాళ్ళు కూర్చుని వేరుశెనక్కాయలు తింటున్నారు. కొనడానికి వచ్చినవాళ్ళలా లేరు, ఊరికే వచ్చారు. మా రోడ్డు మీద ఊరికే నిలబడటానికి కూడా చోటు లేదు.

ఇదే టి.నగర్‌లో రంగనాథన్ వీధికి వెళ్తే ఇవన్నీ మర్చిపోవాల్సిందే. ఆ తోపులాటలో పది నిమిషాలు కూడా ఉండలేక వెనక్కి వచ్చేశాను.

14 నవంబర్

బాలల దినోత్సవం. మూల మీది బడి పిల్లలు రంగు బట్టలు వేసుకుని వరుసగా వెళ్తున్నారు. ముందు ఒక టీచరు, వెనక ఒక టీచరు. ఇద్దరూ రోడ్డు వైపు చెయ్యి చాపి నడుస్తున్నారు. ట్యాంకరు దగ్గరికొచ్చిన ప్రతిసారీ వెనక టీచరు చెయ్యి ఇంకాస్త పైకి లేస్తోంది.

19 నవంబర్, బుధవారం

ఉమ్మడి తనిఖీ అన్నారు గానీ ఏఈ గారు, వర్క్ ఇన్‌స్పెక్టరు, కరెంటు లైన్‌మన్, నేను, చూపు లేని బ్యాంకు ఉద్యోగి, అంతే వచ్చాం. ట్రాఫిక్ నుంచి కానిస్టేబుల్ చివర్లో వచ్చారు. బ్యాంకు ఉద్యోగిని ముందు నడవమని, వెనక మేం నడిచాం. ఆ ఆలోచన ఏఈ గారిదే. కర్ర తగిలిన ప్రతి చోటా ఇన్‌స్పెక్టరు తెల్లరంగుతో గుర్తు వేశారు. పసుప్పచ్చ పలకలు స్తంభానికి ఆనుకున్న చోట కర్ర టక్కున తగిలి ఆగింది. ఎవరం ఏమీ అనలేదు. ఏఈ గారు స్వయంగా రంగు డబ్బా తీసుకుని అక్కడ పెద్ద గుణకారం గుర్తు గీశారు.

టీ తాగుతూ ఆయన మనసులో మాట చెప్పారు. “మేడమ్, కిలోమీటరు ఫుట్‌పాత్ వేశానంటే కిలోమీటరుకి బిల్లవుతుంది. పది ర్యాంపులు తీయించానంటే పది ఫోన్లు వస్తాయి. దానికి బిల్లూ లేదు, లెక్కా లేదు. ఇళ్ళవాళ్ళు రాతపూర్వకంగా ఒప్పుకుంటే నాకు పని తేలిక.” ఎంత పొడుగున వేశారన్నది ఏ రిజిస్టరులోనైనా ఉంటుంది. మనిషి దిగకుండా ఎంత దూరం నడవగలడన్నది ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఉండాలి. తనిఖీ చెయ్యమన్న కోర్టు ఆదేశంతో అదొక్కటీ లెక్కలోకి వచ్చినా చాలని నా ఆశ.

కమాను నుంచి బస్టాపు దాకా మొదటి విడతగా తీసుకుంటామన్నారు. 1.8 మీటర్ల పట్టీ, అడ్డం లేకుండా. షాపులున్న చోట ప్రమాణం 2.5 మీటర్లు కదా అన్నాను. “ఇక్కడ అంత రాదు మేడమ్, రోడ్డు తగ్గించడానికి ట్రాఫిక్ వాళ్ళు ఒప్పుకోరు” అన్నారు. ఒప్పుకున్నాను. వెడల్పు కోసం పట్టుబడితే ఆ వంకన మొత్తం పోతుందని నా భయం.

7 డిసెంబర్, ఆదివారం

ఈసారి సమావేశం రాత్రి ఎనిమిదింటికి, బస్టాపు ఎదురుగా ఆంజనేయస్వామి గుడి అరుగు మీద. టైమూ చోటూ మార్చమని కార్పొరేటర్ గారిని అడిగితే వెంటనే సరే అన్నారు. మా పనమ్మాయి వచ్చింది, తనతో ఇంకో ఆరుగురిని తెచ్చింది. వాచ్‌మన్లు వచ్చారు. పక్క ఆస్పత్రి నర్సులు ఇద్దరు డ్యూటీకి వెళ్తూ ఆగారు. మైకు లేదు. బస్సు వచ్చినప్పుడల్లా మాట ఆపి, వెళ్ళాక అందుకున్నాం.

ఇక్కడ మాట్లాడినవాళ్ళు ఒక్కరూ ఆక్రమణ అన్న మాట ఎత్తలేదు. లైటు అడిగారు. బస్సు ఆగే చోట గట్టు దగ్గరగా ఆపేలా డ్రైవర్లకి చెప్పమన్నారు. రోడ్డు దాటడానికి డివైడరులో సందు అడిగారు. ఫుట్ ఓవర్ బ్రిడ్జి పెట్టిద్దామా అని ఎస్సై గారు అడిగితే ఒక నర్సు, “పన్నెండు గంటలు నిలబడి వచ్చి అన్ని మెట్లు ఎక్కలేం సార్. బండ్లే ఒక్క నిమిషం ఆగనీయండి” అంది. ఎస్సై గారు దాన్ని డైరీలో రాసుకున్నారు. సిగ్నల్‌కి లెటర్ పెడతానన్నారు.

బజ్జీల బండికీ, పళ్ళ బండికీ బస్టాపు పక్కన చెట్ల వరుసలో చోటు చూపించారు, తెల్లగీత గీసి. చెప్పులు కుట్టే పెద్దాయన ఆ మూల వదిలి రానన్నాడు, నీడ అక్కడే ఉందట. ఆయన్ని అక్కడే ఉంచి, పట్టీని అడుగున్నర పక్కకి వంచితే సరిపోతుందని వర్క్ ఇన్‌స్పెక్టరు అన్నారు. వంచుతామన్నారు. స్వీటు షాపాయన షాపు వెనక ఖాళీ స్థలంలో స్కూటర్లు పెట్టించడానికి ఆ స్థలం ఓనరుతో మాట్లాడుతున్నారు. ఇంకా తేలలేదు. వైను షాపు సంగతి ఎత్తితే మాత్రం అందరూ పక్కచూపులు చూశారు. అది నేను వదలను.

14 డిసెంబర్

మా అపార్టుమెంటు జనరల్ బాడీ. ర్యాంపు లోపలికి జరిపితే సెల్లారులో రెండు కార్ల చోటు పోతుంది. ఆ రెండు చోట్లూ ఎవరివన్న దాని మీద గంటన్నర గడిచింది. “రోడ్డు మీది వాళ్ళ కోసం మనం లక్షలు పెట్టి కొనుక్కున్న పార్కింగ్ వదులుకోవాలా అక్కయ్యగారూ?” అని మూడో అంతస్తు ఆవిడ అడిగింది. ఆవిడ అత్తగారు కూడా రోజూ సాయంత్రం ఆ ర్యాంపు దిగే గుడికి వెళ్ళేవారు. ఆ మాట ఆవిడతో నేను అనలేదు. పెద్దావిడే వెనక నుంచి, “నేను దిగలేకపోతున్నానే అమ్మాయ్, కార్తీకమంతా గుడి మానేశాను” అంది.

ఓట్లు వేస్తే పదకొండు అనుకూలం, ఎనిమిది వ్యతిరేకం. చోటు వదులుకునే ఇద్దరికీ మెయింటెనెన్సులో తగ్గింపు ఇవ్వాలని తీర్మానం. ఎంత తగ్గింపు అన్నది వచ్చే నెలకి వాయిదా పడింది. ఒప్పుకోలు కాగితం మీద ప్రెసిడెంటు గారు రాత్రే సంతకం పెట్టారు.

18 డిసెంబర్

ఏఈ గారు ఫోన్ చేశారు. మందుల షాపు వైపు నుంచి పని మొదలుపెట్టాలని ఉందట. వరుసలో ఐదు భవనాల ఒప్పుకోలు ఉంటే పట్టీ ఎక్కడా తెగకుండా వేయవచ్చు. మాది, మందుల షాపుది, బడిది వచ్చాయి. నాలుగో భవనం వాళ్ళు అద్దెకున్నారు, ఓనరు వనస్థలిపురంలో ఉంటారు, నంబరు దొరికింది. ఐదోది ఫంక్షన్ హాలు. పెళ్ళిళ్ళ రోజు కార్లు ఎక్కడ పెట్టాలని ముందే అడిగారు. రేపు సాయంత్రం బ్యాంకు ఉద్యోగిని వెంటబెట్టుకుని హాలు మేనేజరు దగ్గరికి వెళ్తున్నాను. బజ్జీల ఆమె కూడా వస్తానంది, ఆ మేనేజరు రోజూ తన దగ్గరే తింటాడట.